లైట్లు ఆర్పాక షెడ్డులో వినిపించేది



కోళ్ల షెడ్డులో లైట్లు ఆర్పేసి, ఓ పావుగంట ఆగి, చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్లి నిలబడితే, తెలిసినవాడికి ఆ బ్యాచ్ జాతకం సగం తెలిసిపోతుంది. పగలు ఐదు వేల కోళ్లు చేసే గోలలో ఏదీ విడిగా వినపడదు. చీకటి పడితే కోడి నోరు మూస్తుంది. ఇక మిగిలేది ఊపిరి. ఆరోగ్యంగా ఉన్న మంద ఊపిరి చెవికి ఆనదు. ఏ మూల నుంచో చిన్న తుమ్ము, ఇంకో మూల నుంచి గొంతులో కఫం అడ్డుపడ్డట్టు గురగుర... ఇలాంటివి ఒకటీ అరా అయితే ఫరవాలేదు. రేకుల మీద చినుకులు పడుతున్నట్టు ఆగకుండా వినిపిస్తుంటే మాత్రం, మర్నాడు పొద్దున్న చచ్చిన కోళ్లు ఏరడానికి ఒక బకెట్టు చాలదు.

ఛత్తీస్‌గఢ్‌లోని చరోదా వాళ్లకి ఈ చెవి విద్య కొత్త కాదు. ఊరంతా బీఎంవై అని పిలుచుకునే భిలాయి మార్షలింగ్ యార్డు పక్కన పుట్టి పెరిగిన ఊరిది. వ్యాగన్లు యార్డులోకి దొర్లుకుంటూ వస్తుంటే పట్టాల పక్కన నిలబడి, చక్రాల చప్పుడు బట్టే ఏ డబ్బాకి జబ్బు చేసిందో కనిపెట్టడం రైల్వేలో పాత పద్ధతి. ఒక తరం క్రితం చక్రాన్ని సుత్తితో తట్టి చూసేవారు. కంగుమని మోగితే బండి కదులుతుంది, బొంగురుగా మోగితే ఎక్కడో పగులున్నట్టు. విజయనగరం నుంచి రాయపూర్‌కి 1931లో రైలుమార్గం పూర్తయింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ పట్టాల మీదుగా, ఆ కొలిమిని నమ్ముకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాళ్లతో పాటు ఆదివారం కోడికూర కూడా వచ్చింది.

ఆ కోడి ఎక్కడిదంటే, దగ్గర్లోదే. దుర్గ్, రాజ్‌నంద్‌గావ్, రాయపూర్ జిల్లాల్లో రోడ్డుకి కాస్త లోపలికి వెళితే పొడుగాటి రేకుల షెడ్లు, పక్కల జాలీ, దాని మీద గోనె పరదాలు కనిపిస్తాయి. దేశంలోని పెద్ద బ్రాయిలర్ కంపెనీల్లో ఒకటి రాజ్‌నంద్‌గావ్‌లోనే పుట్టి పెరిగింది. ధాన్యపు గిన్నె అని పేరున్న రాష్ట్రం కాబట్టి షెడ్డులో నేల మీద పరవడానికి వరి ఊకకి కరువు లేదు. కథంతా ఆ ఊకలోనే ఉంది.

కోడి రెట్టలో యూరిక్ ఆసిడ్ ఉంటుంది. ఊక పొడిగా ఉన్నంత కాలం అది అలాగే పడుంటుంది. ఊక తడిసిందా, అందులో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేస్తాయి. పాత షెడ్డులోకి వెళ్లగానే కళ్లు మండేది దానివల్లే. పది లక్షల పాళ్ల గాలిలో 20 పాళ్లు మించి అమ్మోనియా ఉండకూడదని యూరోపియన్ యూనియన్ 2007లో బ్రాయిలర్ల కోసం చేసిన చట్టం చెబుతుంది. దాన్ని కొలిచే మీటరు మన రైతు దగ్గర ఉండదు. ముక్కు ఉంటుంది కానీ ఆ ముక్కు మోసం చేస్తుంది. రోజూ అదే షెడ్డులో తిరిగేవాడికి నాలుగు రోజుల్లో వాసన అలవాటైపోతుంది. పైగా మనిషి నిలబడి పీల్చే గాలి వేరు, జానెడు ఎత్తులో కోడి పీల్చే గాలి వేరు. అందుకే అనుభవమున్న పశువైద్యులు షెడ్డులో గొంతుక్కూర్చుని, కోడి ముక్కెత్తులో తలపెట్టి ఒక నిమిషం గాలి పీల్చి చూడమంటారు.

ఆ గాలి కోడి గొంతులో చేసే పని ఇదీ. శ్వాసనాళం లోపలి గోడకి సన్నటి నూగు ఉంటుంది. పొలంలో గాలికి వరి వెన్నులు ఊగినట్టు ఆ నూగు ఒకే దిక్కుకి ఊగుతూ, దుమ్మునీ క్రిముల్నీ జిగురులో చుట్టి పైకి తోసేస్తుంటుంది. అమ్మోనియా ఆ నూగుని చచ్చుబడేస్తుంది. ఇక పైకి తోసేవాళ్లు లేరు. దుమ్ముతో పాటు ఎండిన రెట్ట పొడి, అందులోని ఈ.కోలై బాక్టీరియా లోపలికి దిగుతాయి. కోడికి మనలాగా రొమ్ముకీ పొట్టకీ మధ్య అడ్డుపొర లేదు. ఊపిరితిత్తుల నుంచి తొమ్మిది గాలిసంచులు పొట్ట దాకా పరుచుకుని ఉంటాయి, కొన్ని ఎముకల్లోకి కూడా పోతాయి. ఎగరడానికి ప్రకృతి చేసిన ఏర్పాటది. ఎగరని బ్రాయిలర్‌లో అది క్రిములకి రహదారి. చచ్చిన కోడిని కోసి చూస్తే గుండె మీదా కాలేయం మీదా పెరుగు మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. దాన్ని ఒకసారి చూసిన రైతు మళ్లీ మర్చిపోడు.

విశేషమేమిటంటే ఈ.కోలై ఎక్కడినుంచో వచ్చిన శత్రువు కాదు. ప్రతి కోడి పేగులోనూ అది పుట్టిన కొద్ది గంటల నుంచే ఉంటుంది. దాన్లో కొన్ని రకాలు ఎక్కువ దుర్మార్గమైనవి, నిజమే. అయినా ఒకే హ్యాచరీ నుంచి ఒకే లారీలో వచ్చిన పిల్లలు ఒక షెడ్డులో ఏ బాధా లేకుండా పెరిగి, ఫర్లాంగు దూరంలో ఇంకో షెడ్డులో మూడో వారానికే గురగురలాడుతున్నాయంటే వెతకాల్సింది క్రిమి కోసం కాదు. పరదా ఎప్పుడు దించారు, నీళ్ల నిపుళ్లు ఏ ఎత్తులో ఉన్నాయి, ఊక ఎన్నాళ్లకోసారి తిరగేశారు... ఇవి అడగాలి.

ఛత్తీస్‌గఢ్‌లో ఇది ఎక్కువగా చలికాలపు బాధ. డిసెంబరులో రాత్రి చలి బాగా పడుతుంది. ఒకరోజు పిల్లకి మొదటి వారం సుమారు 33 డిగ్రీల వెచ్చదనం కావాలి. బొగ్గు ఖర్చు, గ్యాస్ ఖర్చు తక్కువేం కాదు. రైతు పరదాలు చివరిదాకా దించి తాళ్లు బిగిస్తాడు. వేడి నిలుస్తుంది, దాంతోపాటే తేమా అమ్మోనియా నిలుస్తాయి. సరిగ్గా ఆ వారంలోనే కొక్కెర తెగులుకి టీకా చుక్కలు వేస్తారు. ఉత్తరాఖండ్‌లోని ఊరి పేరు మీద దాన్నే రాణీఖేత్ అంటారు. అది వైరస్ జబ్బు. టీకాలోనూ బతికున్న, బలహీనపరిచిన వైరసే ఉంటుంది. మంచి గాలి ఉన్న షెడ్డులో రెండు రోజులు కాస్త తుమ్మి పిల్ల సర్దుకుంటుంది. అమ్మోనియా షెడ్డులో అదే తుమ్ము ఈ.కోలైకి తలుపు తీసి పెడుతుంది. రైతు మాత్రం "టీకా మంచిది కాదు" అంటాడు. టీకా అమ్మినవాడు "పిల్లలు మంచివి కావు" అంటాడు. పరదా మాట ఎవరూ ఎత్తరు.

కోడికీ బాక్టీరియా శాస్త్రానికీ ఉన్న చుట్టరికం చాలా పాతది. ప్రయోగశాలలో క్రిమిని బలహీనపరిచి తయారుచేసిన మొట్టమొదటి టీకా మనిషి కోసం కాదు, కోడి కోసం. ఫ్రాన్స్‌లో లూయీ పాశ్చర్ 1879, 1880ల్లో కోళ్ల కలరా మీద పనిచేశాడు. వేసవి సెలవుల్లో పాతబడ్డ క్రిమి ద్రవాన్ని ఎక్కిస్తే కోళ్లు చావలేదనీ, తర్వాత తాజా క్రిమిని ఎక్కించినా తట్టుకున్నాయనీ చెప్పుకుంటారు. కథ చెప్పుకున్నంత కాకతాళీయంగా జరగలేదని తర్వాతి చరిత్రకారులు ఆయన నోటుపుస్తకాలు తిరగేసి చెప్పారు. ఆయన సహాయకుడు ఎమీల్ రూ చేతి పని అందులో చాలా ఉందట. ఆ క్రిమికి ఇప్పటి పేరు పాశ్చురెల్లా, ఆయన పేరు మీదే. అదీ అంతే, ఏ బాధా లేని కోడి ముక్కులోనూ గొంతులోనూ దాక్కుని ఉండగలదు. వానలో తడిస్తేనో, చోటు మార్చి రద్దీలో పడేస్తేనో బయటపడుతుంది.

చోటు మారడం, భయం, రద్దీ. ఇవి క్రిములకి ఎలా తెలుస్తాయి? ఈ ప్రశ్నకి చాలాకాలం "ఒంట్లో శక్తి తగ్గుతుంది, అంతే" అని జవాబు చెప్పుకున్నారు. అది నిజమే కానీ సగమే. 1990ల మొదట్లో అమెరికాలో మార్క్ లైట్ అనే శాస్త్రవేత్త ఒక చిత్రమైన సంగతి బయటపెట్టాడు. భయపడినప్పుడు ఒంట్లో ఊరే నార్‌ఎడ్రినలిన్‌ని బాక్టీరియా కూడా పసిగడుతుంది. ఆ రసాయనం తగిలితే ఈ.కోలై లాంటివి మామూలు కన్నా ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతాయి. అంటే కోడి గుండె దడదడలాడటం పేగులో ఉన్న క్రిమికి సైరన్ మోగినట్టన్నమాట. ఉక్కు కర్మాగారంలో సైరన్ మోగితే ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కుతుంది. ఇక్కడా అంతే, కోడి ఒంటి షిఫ్టు దిగుతుంది, క్రిమి షిఫ్టు ఎక్కుతుంది.

ఇంగ్లండులో టామ్ హంఫ్రీ అనే బాక్టీరియా శాస్త్రవేత్త 2006లో ఒక పరిశోధన పత్రిక వ్యాసానికి, సుఖంగా ఉన్న కోళ్లే మనిషికి క్షేమమైన కోళ్లా అనే ప్రశ్ననే శీర్షికగా పెట్టాడు. ఆయన ప్రధానంగా పట్టించుకున్నది కాంపిలోబాక్టర్. కోడికి పెద్దగా హాని చెయ్యదు కానీ మనిషి కడుపులోకి వెళితే విరేచనాలతో మంచం పట్టిస్తుంది. మంద ప్రశాంతంగా ఉన్నంత వరకూ అది పేగులో ఉంటుంది. మందలో కొన్ని కోళ్లని ముందుగా పట్టి తీసేసి, మిగతావాటిని ఇంకో వారం పెంచే పద్ధతి ఐరోపాలో ఉంది. మన దగ్గరా బరువు చూసుకుని విడతలు విడతలుగా లేపుతారు. పట్టేవాళ్లు రాత్రి పూట వస్తారు, కాళ్లు పట్టి తలకిందులుగా చేతికి నాలుగైదేసి వేలాడదీస్తారు, అరుపులు, దుమ్ము. వాళ్లు నాలుగు ఫారాలు తిరిగొచ్చిన చెప్పులతో, క్రేట్లతో వస్తారు కాబట్టి క్రిమి బయటినుంచీ రావచ్చు. అదే రాత్రి మిగిలిన కోళ్ల ఒళ్లు కూడా దాన్ని ఆహ్వానించే స్థితిలో ఉంటుంది. ఆ తర్వాత మందలో కాంపిలోబాక్టర్ గబగబా వ్యాపించడం అక్కడి పరిశోధకులు పదేపదే చూశారు.

ఇక ఎండ. దుర్గ్‌లో మే నెల గురించి ఈ ప్రాంతం వాళ్లకి చెప్పనక్కర్లేదు. నౌతపా తొమ్మిది రోజులు రేకుల షెడ్డు మీద కొబ్బరి మట్టలో గడ్డో కప్పి, నీళ్లు చల్లి, ఫాగర్లు పెట్టి ఎలాగో లాక్కొస్తారు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. దానికి చెమట గ్రంథులు లేవు, నోరు తెరిచి రొప్పడం ఒక్కటే దారి. ఒంట్లో వేడిని బయటికి పంపాలని రక్తం చర్మం వైపు పరిగెడుతుంది, పేగుకి రక్తం తగ్గుతుంది. పేగు గోడలో కణాల మధ్య అతుకులు సడలుతాయి. ఆ సందుల్లోంచి బాక్టీరియా రక్తంలోకి జారుతుంది. బ్రెజిల్ పరిశోధకులు వేడిలో ఉంచిన బ్రాయిలర్లలో సాల్మొనెల్లా పేగు దాటి ప్లీహం దాకా ఎక్కువగా చేరడం గమనించారు. ఎండదెబ్బకి పోయిన కోడిని రైతు ఎండ ఖాతాలో రాస్తాడు. ఎండ తగ్గిన వారానికి పోయిన కోడిని ఏ ఖాతాలో రాయాలో అతనికి తెలియదు.

కాళ్ల సంగతి ఇంకా బాధాకరం. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి, 1978 నాటి, 2005 నాటి జాతుల్ని పక్కపక్కనే ఒకే మేతతో పెంచి తూచారు. 56 రోజులకి మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808, మూడోది 4,202 గ్రాములు. యాభై ఏళ్లలో కోడి నాలుగున్నర రెట్లు బరువెక్కింది. ఎముకకి అంత తీరిక దొరకలేదు. తొడ ఎముక పైభాగంలో మెత్తని చోట బరువుకి సన్నటి పగుళ్లు వస్తాయి. పేగు నుంచి గానీ గాలిసంచుల నుంచి గానీ రక్తంలోకి చేరిన క్రిములు అక్కడ ఇల్లు కట్టుకుంటాయి, ఎముక కుళ్లుతుంది. అమెరికాలో ఆర్కన్సా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ జబ్బుని ప్రయోగశాలలో తెప్పించడానికి క్రిమి సూదులేవీ వాడలేదు. కోళ్లని కాలు నిలవని తీగల అడుగు మీద పెంచారు. అస్థిరంగా నిలబడటం, దానివల్ల వచ్చిన ఒత్తిడి చాలు, మిగతా పని ఒంట్లో ఉన్న బాక్టీరియా చూసుకుంది. షెడ్డులో రెక్కలు ఆసరా చేసుకుని దేకుతున్న కోడిని చూసి "కాల్షియం తక్కువైంది" అనేస్తుంటారు. చాలాసార్లు అది కుళ్లిన ఎముక.

ఇంత చెప్పాక రద్దీ తగ్గిస్తే అన్నీ సర్దుకుంటాయి అనిపించడం సహజం. ఆక్స్‌ఫర్డ్‌లో మేరియన్ డాకిన్స్ బృందం పది పెద్ద కంపెనీల సహకారంతో 27 లక్షల కోళ్ల మీద ఈ సంగతే పరీక్షించింది. 2004లో నేచర్ పత్రికలో అచ్చయిన ఆ ఫలితం అందరినీ కాస్త ఇరుకున పెట్టింది. చదరపు మీటరుకి ఎన్ని కోళ్లు అన్నదానికన్నా, ఊకలో తేమ, గాలిలో అమ్మోనియా, షెడ్డు లోపలి వేడి, ఇవే కోడి క్షేమాన్ని ఎక్కువగా నిర్ణయించాయి. మన దేశంలో పక్కలు తెరిచిన షెడ్లలో బ్రాయిలర్‌కి ఒక చదరపు అడుగు అన్నది పాత లెక్క. రెండు కిలోల కోడి అనుకుంటే అది చదరపు మీటరుకి సుమారు 21 కిలోలు. ఐరోపా చట్టంలో మామూలు పరిమితి 33, షరతులతో 42. కాగితం మీద మన కోడి వాళ్ల కోడి కన్నా విశాలంగా బతుకుతోంది. కానీ వాళ్ల షెడ్డులో గాలిని యంత్రాలు లాగుతాయి, మన షెడ్డులో దైవాధీనం.

గుడ్ల కోళ్ల లోకం వేరు. అక్కడ తెలుగువాళ్లదే పెద్ద చెయ్యి. 2022-23లో దేశంలో ఉత్పత్తి అయిన 13,838 కోట్ల గుడ్లలో ఐదో వంతు ఆంధ్రప్రదేశ్‌వే, తెలంగాణ మూడో స్థానంలో ఉంది. తణుకు, అనపర్తి చుట్టుపక్కల షెడ్ల నుంచి లారీలు దేశం నలుమూలలకీ పోతాయి. హైదరాబాదుకి చెందిన బండా వాసుదేవరావు చొరవతో 1982లో గుడ్ల సమన్వయ కమిటీ పుట్టింది. అప్పటి నుంచి గుడ్డు ధర దళారి నోటి మాట కాకుండా పోయింది. రైతుకి అది నిజంగా మేలు చేసింది. అదే కాలంలో లేయర్ కోడి ఊక మీద నుంచి బోనులోకి ఎక్కింది.

బోనుని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తీగల బోనులో రెట్ట కిందికి పడిపోతుంది, కోడికి దానితో సంపర్కం ఉండదు, రక్తపారుడు లాంటి జబ్బులు తగ్గుతాయి, గుడ్డు శుభ్రంగా దొర్లుకుంటూ వస్తుంది. ఇదంతా నిజం. ఐరోపా దేశాల్లో 2004-05లో లేయర్ మందల్లో సాల్మొనెల్లా సర్వే చేస్తే మాత్రం లెక్క తిరగబడింది. బోను మందల్లోనే అది ఎక్కువగా దొరికింది. బోను ఫారాలు పెద్దవి, పాతవి, ఎలుకలకీ ఈగలకీ దుమ్ముకీ నెలవులు, కడగడం కష్టం. కాబట్టి తప్పు బోనుదా, ఫారం పరిమాణానిదా అన్న వాదన ఇంకా తెగలేదు. 2012 జనవరి 1 నుంచి అక్కడ పాతరకం బోనులు నిషిద్ధం. మన దేశంలో లా కమిషన్ 2017లో తన 269వ నివేదికని పూర్తిగా కోళ్ల పెంపకానికే కేటాయించింది. తర్వాత 2019లో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు అన్నారు. మామూలు ఎ4 కాగితం 623 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది.

లేయర్ ఫారాల్లో ఒకప్పుడు మామూలుగా జరిగిపోయిన ఒక పని గురించి ఇక్కడ చెప్పుకోవాలి. ఏడాది పైబడి గుడ్లు పెట్టి అలిసిన కోడికి పది పద్నాలుగు రోజులు మేత ఆపేసేవారు. ఈకలు రాలి, ఒళ్లు చిక్కి, మళ్లీ మేత పెడితే రెండో విడత గుడ్లు మొదలయ్యేవి. కొత్త కోడి కొనే ఖర్చు తప్పేది. అమెరికా వ్యవసాయ శాఖలో పీటర్ హోల్ట్ 1990లలో ఇలా పస్తుంచిన కోళ్లకి సాల్మొనెల్లా ఇచ్చి చూశాడు. మేత తిన్న కోళ్లకన్నా అవి వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు ఎక్కువ క్రిముల్ని రెట్టలో వదిలాయి. తక్కువ మోతాదుకే జబ్బుపడ్డాయి, పక్క బోను కోళ్లకి అంటించాయి. ఖాళీ పేగు కాపలా లేని ఇల్లు. భారత జంతు సంక్షేమ మండలి 2011లో ఇలా పస్తుంచడం ఆపమని ఫారాలకి ఆదేశమిచ్చింది.

ఇన్ని తలుపులు తెరిచిపెట్టి, దొంగలు రాకుండా ఇండస్ట్రీ పెట్టుకున్న కాపలా ఏమిటంటే యాంటీబయాటిక్. జబ్బు రాకముందే నీళ్లలో, బరువు పెరగడానికి మేతలో. స్వీడన్ 1986లోనే బరువు కోసం వాడటాన్ని నిషేధించింది, యూరోపియన్ యూనియన్ మొత్తం 2006 నుంచి. మొదట్లో అక్కడ కొన్ని ఫారాల్లో పేగు జబ్బులు పెరిగాయి. మందు మానేశాక షెడ్డు అసలు స్వరూపం బయటపడింది, తర్వాత షెడ్లు బాగుచేసుకున్నారు. మన దేశంలో పంజాబ్‌లోని 18 ఫారాల్లో 530 కోళ్ల నుంచి ఈ.కోలైని తీసి చేసిన పరీక్షల ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. కొత్త తరం పెన్సిలిన్ కుటుంబపు మందుల్ని సైతం విరగ్గొట్టే ఎంజైము ఉన్న క్రిమి బ్రాయిలర్ ఫారాల్లో 87 శాతం, లేయర్ ఫారాల్లో 42 శాతం. ఆసుపత్రిలో ఏ మందూ పనిచెయ్యనప్పుడు చివరి ఆసరాగా ఇచ్చే కొలిస్టిన్‌ని మన ఫారాల్లో కోళ్ల బరువు కోసం వాడేవారు. 2019 జులైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దాన్ని ఆహారం కోసం పెంచే జీవాల్లో వాడకుండా నిషేధించింది. భిలాయి సెక్టార్ 9 ఆసుపత్రిలో మంచం మీదున్న రోగికీ, ఎక్కడో షెడ్డులో మేత తొట్టికీ ఇంత దగ్గర చుట్టరికం ఉంటుందని చాలామంది ఊహించరు.

అయితే పెరటి కోడి మాటేమిటి? చరోదాలో నాటుకోడి కూరకి ధర ఎక్కువైనా గిరాకీ తగ్గదు. దేశీ ముర్గా అంటే మందుల్లేని, జబ్బుల్లేని కోడి అని నమ్మకం. బయట తిరిగే కోడికి అమ్మోనియా లేదు, రద్దీ లేదు, కాళ్లు గట్టివి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా పేరు మీద 2018లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న కడక్‌నాథ్‌ని బస్తర్‌లో, కాంకేర్‌లో మహిళా సంఘాలు పెంచుతున్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పిల్లలు దేశమంతటా పల్లె పెరళ్లలో తిరుగుతున్నాయి. ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ బయట తిరిగే మందల్లో కాంపిలోబాక్టర్ తరచు ఎక్కువే దొరుకుతుంది. అడవి పిట్టలు, బురద, మురుగు నీళ్లు, అన్నీ దాని స్నేహితులే. రాత్రి పూట పదిహేను కోళ్లని ఒక చిన్న గూట్లో కుక్కి, అడుగున రెట్ట నెలల తరబడి తియ్యకపోతే ఆ గూడు కూడా ఒక చిన్న ఫారమే. కొన్ని జబ్బుల ముందు ఏ సుఖమూ పనిచెయ్యదు. తెల్ల పారుడు తల్లి కోడి అండాశయం నుంచే గుడ్డులోకి, గుడ్డులోంచి పిల్లలోకి దిగుతుంది. దానికి పరదా ఎత్తడం మందు కాదు. తల్లి కోడి రక్తపు చుక్కలో రంగు ద్రావణం కలిపి, రెండు నిమిషాల్లో రవ్వ రవ్వగా గడ్డకడుతుందేమో చూసి, కడితే ఆ కోడిని మంద నుంచి తప్పించడమే దారి.

2025 మొదట్లో రాయగఢ్‌లోనూ గోదావరి జిల్లాల్లోనూ బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పేపర్లన్నీ కోళ్ల గురించే రాశాయి. అది వైరస్, వచ్చిందంటే అల్లకల్లోలం. బాక్టీరియాకి అంత హంగు లేదు. రోజుకి పదేసి చొప్పున, బ్యాచ్‌కి ఐదారు శాతం చొప్పున తీసుకుపోతుంది. కాంట్రాక్టు మీద కోళ్లు పెంచే రైతుకి పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, కష్టం రైతువి. లేపేటప్పుడు కిలోకి ఇంత అని పెంపకం చార్జీ వస్తుంది, మేత ఎక్కువ తిని బరువు తక్కువొస్తే అందులో కోత. ఎన్ని పిల్లల్ని దింపాలో చాలాచోట్ల కంపెనీ సూపర్‌వైజరే చెబుతాడు. రెండు బ్యాచ్‌ల మధ్య పదిహేను రోజులు షెడ్డు ఖాళీగా ఉంచి, కడిగి, సున్నం కొట్టి, ఎండనివ్వమని పుస్తకాల్లో ఉంటుంది. మార్కెట్ బాగుంటే అది వారమవుతుంది. కోడి క్షేమం గురించి రైతుకి ఉపన్యాసం ఇచ్చేవాళ్లు ఈ లెక్క కూడా ఒకసారి వేసి చూడాలి. నిర్ణయం ఒకరిదీ, నష్టం ఇంకొకరిదీ అయినచోట ఊక పొడిగా ఉంచడం కష్టమే.

అయినా డబ్బు ఖర్చు లేకుండా రైతు చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. గుప్పెడు ఊక తీసుకుని పిడికిలి బిగించి వదలాలి. ఉండలా నిలబడిపోతే తడి ఎక్కువ, అసలు అంటుకోకుండా రాలిపోతే మరీ పొడి, దుమ్ము లేస్తుంది. కాస్త కట్టి విడిపోవాలి. నిపుళ్ల వరసని కోడి మెడ పైకి చాచి తాగేలా వారానికోసారి ఎత్తాలి. కిందికి ఉంటే ముక్కుతో తగిలి నీళ్లు కారి, ఆ వరస కిందే ఊక ముద్దయిపోతుంది. చలికాలంలో పరదాని కింది నుంచి కాకుండా పైనుంచి జానెడు తెరవాలి. పిల్లల మీద చలిగాలి పడదు, పైకి చేరిన వేడి గాలితో తేమ, అమ్మోనియా పోతాయి. రాత్రి లైట్లన్నీ వెలిగించి ఇంకాస్త మేత తినిపించాలన్న ఆశ మానుకుని కొన్ని గంటలు చీకటి ఇవ్వాలి. పడుకున్న కోడికి జబ్బుతో పోరాడే ఓపిక ఉంటుంది, రైతుకి వినడానికి అవకాశమూ ఉంటుంది.

అలా విన్నప్పుడు గురగుర ఎక్కువగా వినిపిస్తే, పొద్దున్నే మందుల షాపుకి పరిగెత్తడం ఈ ప్రాంతంలో అలవాటు. దుర్గ్ దాటితే అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది. తాజాగా చచ్చిన రెండు మూడు కోళ్లని, కుళ్లకముందే, పాలిథిన్ సంచిలో వేసి ఐసు మధ్య పెట్టి పశువైద్యుల దగ్గరికి తీసుకెళితే కోసి చూస్తారు. కాలేయం నుంచి, గుండె రక్తం నుంచి క్రిమిని పెంచి దానికి ఏ మందు లొంగుతుందో పరీక్షిస్తారు. ఆ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజులూ చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. తడి ఊక పారతో తీసేసి పొడి ఊక వెయ్యొచ్చు, పరదా తాడు వదులు చెయ్యొచ్చు. మర్నాడు రాత్రి మళ్లీ లైట్లార్పి ఒక పావుగంట నిలబడొచ్చు.